గ్రౌండు మీద పాముపొడ

మా ఆయన పోయిన ఆరు నెలలకి నాకు గడ్డి పెంచే ఉద్యోగం ఇచ్చారు.

విశాఖపట్నంలో పోర్టుకీ ఉక్కు కర్మాగారానికీ నడుమ, గాజువాక దాటాక ఒక మాదిరి కంపెనీ ఉండేది. అందులో ఆయన ఫిట్టరు. పచ్చకామెర్లు వచ్చి, పసరు మందు వేసుకుని, తగ్గిందనుకున్న వారానికి మళ్ళీ పడుకుని ఇక లేవలేదు. పెళ్ళయి అప్పటికి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. పాలకొల్లు దగ్గర మా పుట్టింటివాళ్ళు వచ్చెయ్యమన్నారు. మా నాన్న స్వయంగా వచ్చి, రెండు రోజులుండి, నా పెట్టె కూడా సర్దించి, చివరికి ఒక్కడే బస్సెక్కాడు. ఎందుకు వెళ్ళలేదంటే సరిగ్గా చెప్పలేను. అక్కడైతే పదిమంది మధ్య నాకొక మూల దొరికేది. ఇక్కడ రెండు గదుల క్వార్టరు, లోపల ఒక గడియ. ఆ గడియ వేసుకునేది నేనే, తీసుకునేదీ నేనే. అప్పట్లో అదే చాలనిపించింది.

నేను ఇంటరు దాకా చదివాను. ఆఫీసులో కూర్చోబెడతారనుకున్నాను. "మీది వ్యవసాయ కుటుంబమే కదమ్మా, తోటల సెక్షన్‌లో వేస్తాం," అన్నారు. కాలనీ మధ్యలో ఫుట్‌బాల్ గ్రౌండు ఒకటి ఉండేది. దాని గడ్డి చూసుకోవడం ఆ సెక్షన్ పని. గడ్డంటే మన గరిక జాతే, కాకపోతే ఆకు సన్నం, మెత్తన. నర్సరీ నుంచి తెచ్చిన మేలురకం. కంపెనీ పెద్దవాళ్ళకి ఆ గ్రౌండంటే గొప్ప. బయట నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకొచ్చేవాళ్ళు.

గ్రౌండు చూసే మాలీ యాభై దాటిన మనిషి. కొండ అవతల సముద్రపొడ్డునున్న యారాడవాడు. ఇంట్లో మగవాళ్ళందరూ చేపల వేటకెళ్ళేవాళ్ళు. ఈయనొక్కడికి సముద్రం పడలేదు. పడవెక్కితే వాంతులు. "మా అయ్య నన్ను సూసి నవ్వీవోడు. సేప తినడానికి పనికొత్తావు గాని పట్టడానికి పనికిరావురా అనీవోడు," అని తనే చెప్పి నవ్వేవాడు. అలా కొండ దిగి వచ్చి మొక్కల్లో పడ్డాడు. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని.

మొదటి నెలంతా నాచేత తుంగ పీకించాడు. ఆ తర్వాత గడ్డి కోసే మిషను పట్టుకోవడం, రోలరు లాగడం, నీళ్ళ పైపులు మార్చడం ఒక్కొక్కటీ నేర్పాడు. ఆయన నోరు ఊరుకునేది కాదు. గడ్డితో మాట్లాడేవాడు, పైపుతో మాట్లాడేవాడు, నాతోనూ మాట్లాడేవాడు. కాలనీలో ఆడవాళ్ళు నన్ను చూస్తే పలకరించేవాళ్ళే, కాని ఆ పలకరింపు గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. ఎవరింట్లో ఏ శుభకార్యమైనా మరుసటి రోజు ప్లాస్టిక్ సంచిలో నాలుగు అరిసెలు పంపేవాళ్ళు. మాటంటూ దొరికేది గ్రౌండులోనే. ఆదివారం సెలవైతే శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా నా గొంతు నేనే వినేదాన్ని కాదు. కూరలబండి అబ్బాయితో "అరకిలో" అన్నప్పుడు గొంతు బొంగురుగా వచ్చేది.

రెండో ఏడు వానాకాలం చివర్లో గ్రౌండు మీద మచ్చలు వచ్చాయి. మొదట పళ్ళెమంత గుండ్రటి మచ్చ ఒకటి, తూర్పు వైపు గోలు దగ్గర. గోధుమరంగుకి తిరిగి, మధ్యలో గడ్డి పడుకుండిపోయింది. వారంలో అలాంటివి పది. పక్కపక్కవి కలిసిపోయి చాపలంత అయ్యాయి. మిషను నుంచి డీజిలు కారిందని ఒకరన్నారు. కుక్కల పనన్నారు. పోర్టు నుంచి గాలికొచ్చే నల్లదుమ్మన్నారు. తోటల సెక్షన్‌కి అప్పుడే కొత్త ఆఫీసరు వచ్చాడు. వ్యవసాయం చదివిన కుర్రవాడు, ముప్పై లోపే. ఆయనకి ఇంకా కాగితాలే సర్దుకోలేదు. పాత ఆఫీసరు పెట్టి వెళ్ళిన పద్ధతి ప్రకారమే మేం సాయంత్రం నీళ్ళు పెట్టేవాళ్ళం. గడ్డి ఎండుతోందని ఇంకాస్త ఎక్కువ పెట్టాం, యూరియా కూడా చల్లాం. మచ్చలు ఇంకా పెరిగాయి.

ఆ రోజుల్లో నాకు నాలుగింటికే మెలకువ వచ్చేసేది. లేచి చేసేదేమీ లేదు. వెలుతురు రాకముందే గ్రౌండుకి వెళ్ళిపోయేదాన్ని. ఒకరోజు తెల్లవారుతుండగా మచ్చ అంచున వంగి చూస్తే, మంచు పట్టిన గడ్డి మీద సాలెగూడు లాంటి తెల్లటి బూజు అల్లుకుని ఉంది. చేత్తో ముట్టుకుంటే వేళ్ళకి అంటుకుని కరిగిపోయింది. పొద్దెక్కి చూస్తే ఏమీ లేదు. ఉత్త ఎండు మచ్చ. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ బూజు. ఒక గడ్డిపోచ మొదలంటా పీకి చూశాను. ఆకుతొడిమ మీద బూడిదరంగు మచ్చలు, చుట్టూ ముదురు గోధుమ అంచు. అవి పాము ఒంటి మీద పొడల్లా ఉన్నాయి.

ఆ మచ్చలు నేను చిన్నప్పుడే చూశాను. పొట్టదశలో వరిచేలోకి దిగి, మా నాన్న దుబ్బు విడదీసి చూపించేవాడు. "ఇదిగో, నీటి దగ్గర మొదలెట్టి పైకి పాకుద్ది. దీన్ని పాముపొడ అంటారు. యూరియా ఎక్కువేసిన చేలోకి పిలవకుండానే వస్తది." నాకప్పుడు పదేళ్ళు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, జలగ పడుతుందేమోనన్న భయంతో సగం విన్నాను. ఆ సగం మాట అలాగే ఉండిపోయింది.

బాబాయ్ రాగానే చెప్పాను. ఆయన నవ్వేశాడు.

"వరికొచ్చే జబ్బు గడ్డికెందుకు వత్తాదమ్మా?"

"వరీ గడ్డే కదా బాబాయ్."

నవ్వు ఆపాడు. మర్నాడు చీకటితోనే వచ్చాడు. యారాడ నుంచి ఆ వేళకి బస్సు లేదు. కొండ దిగి నడిచి వచ్చాడు. మచ్చ పక్కన గొంతుక్కూర్చుని బూజు చూశాడు, నేనిచ్చిన పోచ చూశాడు.

"ఇన్నేళ్ళు ఈ గడ్డి మీదే ఉన్నాను. దీన్ని సూళ్ళేదు," అన్నాడు చివరికి. "ఆపీసరుకి సెప్పు. నాను సెప్తే ఇనడు. నువ్వు సదువుకున్నావు, నువ్వే సెప్పు."

చెప్పాను. ఆ ఆఫీసరు మంచివాడే. తెల్లవారుజామున స్వెట్టరు వేసుకుని, టార్చిలైటు పట్టుకుని వచ్చాడు. జేబులోంచి చిన్న భూతద్దం తీసి చూశాడు. ఒక పిడికెడు గడ్డి వేళ్ళతో సహా తవ్వి, తెలిసినవాళ్ళకి చూపించడానికి పట్టుకెళ్ళాడు. నాలుగు రోజులకి కబురొచ్చింది. వరికి పాముపొడ తెచ్చే శిలీంధ్రమే. ఊరు మారినా, పొలం మారినా, అదే.

ఆ రోజు ఆఫీసరు తోటల సెక్షన్ వాళ్ళందరినీ గ్రౌండు గట్టు మీదికి పిలిచాడు. ఎనిమిది మందిమి ఉన్నాం. నన్ను తన పక్కన నిలబెట్టుకున్నాడు. "ఈవిడ కనిపెట్టారు," అన్నాడు. నన్ను మీరు అన్న మొదటి ఆఫీసరు ఆయన. తర్వాత అడిగాడు.

"సాయంత్రం పూట నీళ్ళెవరు పెడుతున్నారు?"

బాబాయ్ చెయ్యెత్తాడు. "నానేనండి."

"చీకటి పడ్డాక తడిపితే తెల్లారేదాకా ఆరుతుందా? రాత్రంతా తడిగా ఉంచి బూజుని పెంచింది నువ్వే కదా. ఇన్నేళ్ళ సర్వీసులో ఏం నేర్చుకున్నావయ్యా?"

సాయంత్రం నీళ్ళు పెట్టమన్నది పాత ఆఫీసరు. పొద్దున్నపూట నీళ్ళు క్వార్టర్లకి వదలాలి కాబట్టి గ్రౌండుకి సాయంత్రమే అని ఆయన ఆర్డరు. అది నాకు తెలుసు. బాబాయ్ నాతో ఎన్నోసార్లు, "పొద్దుటేల నీళ్ళెడితే మంచిదమ్మా, ఇనరు," అని విసుక్కున్నాడు. ఆ మాట చెప్పాల్సింది ఆయన కాదు. ఆయన చెబితే సాకులా ఉంటుంది. పక్కన నిలబడ్డ నేను చెప్పాలి.

బాబాయ్ ఆఫీసరు నుంచి తల తిప్పాడు. నావైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. నేను చేతిలో ఉన్న గడ్డి వైపు చూస్తూ ఉండిపోయాను.

మర్నాటి నుంచి ఆయన్ని గెస్ట్‌హౌసు కుండీల మీదికి మార్చారు. గ్రౌండు నాకు అప్పజెప్పారు.

మందు నేనే కొట్టాను. కార్బండిజమ్ పొడి, లీటరు నీళ్ళకి గ్రాము. ముందు చిన్న డబ్బాలో ముద్దలు లేకుండా కలిపి, తర్వాత పంపులో పోసి, నిండా నీళ్ళు పట్టాలి. నిండిన పంపు వీపుకి ఎత్తుకుంటే మొదటిరోజు ముందుకి తూలిపోయాను. ఎత్తి తగిలించేవాళ్ళెవరూ లేరు. గట్టు మీద పంపు పెట్టి, కింద కూర్చుని, పట్టీల్లో చేతులు దూర్చి లేవడం అలవాటు చేసుకున్నాను. ముక్కుకి తువ్వాలు, మా ఆయన పాత ఫుల్ చొక్కా, కాళ్ళకి గమ్‌బూట్లు. పది దాటితే సముద్రం గాలి లేచి మందుని మొహం మీదికే కొడుతుంది. అందుకని మంచు ఆరగానే మొదలెట్టి తొమ్మిదిన్నరకి ముగించేదాన్ని. ఎడమచేత్తో లివరు ఆడిస్తూ, కుడిచేత్తో గొట్టం ఊపుతూ, ఒక గోలు నుంచి ఇంకో గోలు దాకా ఒక్కొక్క బార వెడల్పున నడిచేదాన్ని. వెనక్కి తిరిగి చూస్తే తడిసిన చార, అందులో నా అడుగులు. చుట్టూ తాడు కట్టి ఎర్రగుడ్డలు వేలాడదీశాను. రెండు రోజులు ఎవరూ లోపలికి రాకూడదు. నా తర్వాత ఆ రెండు రోజులూ గ్రౌండు మీదికి కొంగలు కూడా దిగలేదు.

మందొక్కటే కాదు. నీళ్ళు తెల్లవారుజామున పెట్టడానికి ఆఫీసరు పర్మిషను తెచ్చాడు. యూరియా ఆపేశాం. రెండువారాల తేడాతో మళ్ళీ కొట్టాను. మచ్చల అంచు ముందుకు జరగడం ఆగింది. నెల తిరిగేసరికి మచ్చల మధ్యలోకి పక్కల నుంచి పచ్చటి తీగలు పాకాయి. కంపెనీ టోర్నమెంటు అనుకున్న రోజుకే జరిగింది. ఎవరో పెద్దాయన గడ్డిని మెచ్చుకుంటూ మైకులో రెండు మాటలు చెప్పాడు. నేను పంపులు పెట్టే షెడ్డు ముందు నిలబడి విన్నాను. గెస్ట్‌హౌసు నుంచి కుండీలు తెచ్చి వేదిక ముందు పేర్చింది బాబాయే. పేర్చి వెళ్ళిపోయాడు.

తర్వాత కూడా ఆయన నాతో మాట్లాడకపోలేదు. గేటు దగ్గర ఎదురైతే "బాగున్నావామ్మా" అనేవాడు. కాని నడక ఆపేవాడు కాదు. అంత మాటకారి మనిషి నాకు రెండు మాటలే ఇచ్చేవాడు. నేను ఎన్నోసార్లు గెస్ట్‌హౌసు దాకా వెళ్ళాను. కుండీల మధ్య వంగి పనిచేస్తున్న ఆయన వీపు చూసి వెనక్కి వచ్చేశాను. ఆయన రిటైరైన రోజు క్యాంటీన్‌లో చిన్న సభ పెట్టారు. చివరి వరసలో నిలబడి, పూలదండ వెయ్యడానికి అందరూ లేచినప్పుడు బయటికి వచ్చేశాను.

గ్రౌండు మీద నేను ఒక్కదాన్నే ఏళ్ళు గడిపాను. ఇద్దరు కూలీలని ఇచ్చేవాళ్ళు, వాళ్ళు నెలనెలా మారిపోయేవాళ్ళు. ఆ వయసులో నాకు జీవితంలో బాగా తెలిసింది గడ్డి ఒక్కటే. ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ నెలలో తుంగ లేస్తుందో, ఆట అయిన మర్నాడు ఎక్కడ పెళ్ళలు లేచిపోతాయో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. చెప్పడానికి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. సాయంత్రం ఇంటికెళ్ళి, ఒక గ్లాసు బియ్యం కడిగి, రేడియో పెట్టుకునేదాన్ని. అందులో ఎవరేం మాట్లాడుతున్నారో వినేదాన్ని కాదు. ఎవరో ఒకరు మాట్లాడుతుంటే చాలు.

ఏటా వానాకాలం చివర్లో ముందుజాగ్రత్తగా కార్బండిజమే కొట్టేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి మచ్చలు మళ్ళీ వచ్చాయి. ఈసారి కార్బండిజమ్ కొడితే వారం ఆగి, మళ్ళీ లేచాయి. ఇన్నేళ్ళు ఒకే మందు కొట్టడంతో తెగులు దానికి అలవాటు పడిపోయిందని పురుగుమందుల కొట్టువాడు చెప్పాడు. ప్రొపికొనజోల్ అని ఇంకో మందు ఇచ్చాడు. ఒకసారి అది, ఒకసారి ఇంకోటి, మార్చి మార్చి కొట్టాను. గ్రౌండంతా తేరుకుంది, తూర్పు వైపు తప్ప. అక్కడ మాత్రం కొట్టినప్పుడల్లా తగ్గడం, పది రోజులకి తిరిగి రావడం. ఆఫీసరు మళ్ళీ మారాడు. కొత్తాయన ఆ పక్క గడ్డి మొత్తం లేపేసి సిమెంటు చేయిస్తానన్నాడు.

ఒక ఆదివారం సింధియా జంక్షన్‌కి వెళ్ళి యారాడ బస్సెక్కాను. బస్సు కొండెక్కి మలుపు తిరిగేసరికి కింద సముద్రం. వైజాగులో అన్నేళ్ళున్నా ఆ వైపు రావడం అదే మొదలు. ఇల్లు అడిగితే ఎవరో చూపించారు. వాకిట్లో పాత పెయింటు డబ్బాల్లో క్రోటన్లు, మిరపమొక్కలు. బాబాయ్ మంచం మీద కూర్చుని మిరపనారు విడదీస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది.

నన్ను చూసి, "కూకో," అన్నాడు. వాళ్ళావిడ లోపల నుంచి టీ తెచ్చింది. నన్ను ఎవరని అడగలేదు. ఆమెకి తెలుసునని నాకు అర్థమైంది.

గడ్డి సంగతి చెప్పాను. ఏ మందు ఎన్నిసార్లు కొట్టానో చెప్పాను. ఆయన నారు విడదీస్తూనే విన్నాడు.

"నాను రిటైరయ్యే ముందు ఆ పక్కన గోడ కట్టేరు కాదేటి? గోడెంట అశోక సెట్లేసేరు."

"అవును, నాలుగేళ్ళయింది."

"అంతకుముందు సముద్రం గాలి అటునుంచే వచ్చీది. ఇప్పుడు గాలాడదు. పొద్దుటి ఎండ కూడా పడదు. గడ్డి ఆరేదెప్పుడు? నువ్వెన్ని మందులు కొట్టినా, మందు తడిని ఆరబెట్టదు గదమ్మా."

మందు మీద మందు మార్చాను కాని, తల ఎత్తి ఆ గోడ వైపు చూడలేదు.

టీ గ్లాసు కింద పెట్టాను. "బాబాయ్, ఆ రోజు..."

"నువ్వు నోరిప్పుతావని సూసినాను," అన్నాడు, నేను పూర్తి చెయ్యకముందే.

"భయపడ్డాను."

"బయం కాదు." నారు పక్కన పెట్టి, చేతులు దులుపుకున్నాడు. "నిన్నొక మనిసిలాగ సూసినాడు ఆయన. అది పోతాదేమో అనుకున్నావు. నాకు తెలిసింది. అందుకే తిట్టలేదు. కాని మరిసిపోలేదు. రెండూ నిజమే."

ఏడవకూడదనుకుని ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. కాసేపయ్యాక వాళ్ళావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. బస్సు వేళకి ఆయన రోడ్డు దాకా వచ్చాడు. బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. మళ్ళీ రమ్మని అనలేదు.

సోమవారం పొద్దున్నే కొత్త ఆఫీసరు గదికి వెళ్ళాను. అశోక చెట్ల కింది కొమ్మలు కొట్టించాలని, గోడలో గాలికి జాలీ పెట్టించాలని చెప్పాను. ఇది ఎవరి సలహానో చెప్పాను. పాత సంగతి కూడా చెప్పాను. నీళ్ళు సాయంత్రం పెట్టమన్నది ఆఫీసని, ఆయన తప్పేమీ లేదని, నేను అప్పుడు మాట్లాడలేదని. ఆ ఆఫీసరుకి ఆ మనిషి ఎవరో తెలియదు, ఆ గొడవ ఎప్పటిదో తెలియదు. "సరేనమ్మా, ఇప్పుడు దాన్ని ఏం చేస్తాం?" అన్నాడు. ఏమీ చెయ్యక్కర్లేదన్నాను. గ్రౌండు రిజిస్టరులో మాత్రం ఇవన్నీ రాస్తానన్నాను. రాశాను.

కొమ్మలు కొట్టారు. గోడలో మూడుచోట్ల జాలీ ఇటుకలు పెట్టారు. ఆ తర్వాత ఒక్కసారే మందు కొట్టాల్సి వచ్చింది. చలికాలం ముగిసేసరికి తూర్పు వైపు పచ్చబడింది.

బాబాయ్ పెన్షను కాగితాల పని మీద ఒకసారి కాలనీకి వచ్చాడు. నేను షెడ్డులో పంపు నాజిలు కడుగుతున్నాను. ఆయన ఆఫీసు నుంచి నేరుగా గ్రౌండు మీదికి వచ్చి, చెప్పులు గట్టు దగ్గర విడిచి, గోడ వెంట చివరిదాకా నడిచాడు. రెండుచోట్ల వంగి గడ్డి మొదళ్ళు విడదీసి చూశాడు. ఈసారి నేను బయటికి వచ్చాను. ఇద్దరం గోలుపోస్టు దగ్గర నిలబడ్డాం.

"రోలరు ఎక్కువ లాగతన్నారు. నేల గట్టిపడిపోనాది," అన్నాడు.

"తగ్గిస్తాను."

"ఆఁ."

ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. ఆయన గడ్డి వైపే చూస్తున్నాడు. కాసేపటికి చెప్పులు వేసుకుని, సింధియా బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు. మర్నాడు ఆట ఉంది. సున్నం డబ్బా తెచ్చుకుని గీతలు వెయ్యడం మొదలెట్టాను.